అర్థమైందన్నారు, పరీక్షలో ఖాళీ కాగితం ఇచ్చారు

ప్రశ్న: మాస్టారూ, నమస్తే. నేను ఎమ్మెస్సీ, బీఈడీ చేశాను, డీఎస్సీకి చదువుకుంటున్నాను. పెళ్ళికి ముందు రాజోలు దగ్గర మా ఊళ్ళో ఇంటి అరుగు మీదే లెక్కల ట్యూషన్ చెప్పేదాన్ని. పెళ్ళయ్యాక భీమవరం వచ్చేశాను. అక్కడి తల్లిదండ్రులు వదల్లేదు, ఆన్‌లైన్లోనైనా చెప్పమన్నారు. ఇప్పుడు 9వ తరగతి పిల్లలు 18 మంది, వారానికి ఆరు రోజులు, సాయంత్రం 7 నుంచి 8 దాకా. పాఠం చెప్పి "అర్థమైందా" అంటే "ఆయ్, అర్థమైందండి" అంటారు. కెమెరా ఒక్కరూ ఆన్ చెయ్యరు. హోంవర్కు ఫొటోలు అందరివీ ఒకేలా వస్తాయి, ఈ మధ్య ఏఐలో కొట్టి దించేస్తున్నారు కూడా. మొన్న ఊరెళ్ళినప్పుడు అందర్నీ కూర్చోబెట్టి చిన్న పరీక్ష పెడితే సగం మంది ఖాళీ కాగితాలిచ్చారు. ఒకమ్మాయైతే క్లాసులో ఇప్పటిదాకా నోరే విప్పలేదు. ఇంకా వివరంగా వీడియోలు చేసి పెట్టమంటారా? లేక ఆన్‌లైన్లో లెక్కలు రావని ఒప్పుకుని మానెయ్యమంటారా? ఒక క్లాసు స్క్రీన్ రికార్డింగ్ పంపుతున్నాను, దయచేసి వినండి.
– ఒక ట్యూషన్ టీచర్, భీమవరం

జవాబు: అమ్మా, వీడియోలు చెయ్యొద్దు, మానెయ్యనూ వద్దు.

మీరు పంపిన రికార్డింగ్ మొత్తం విన్నాను. చెప్పడంలో మీకు వంక పెట్టడానికేం లేదు. నిదానంగా, ఒక్క మెట్టు కూడా వదలకుండా చెబుతున్నారు. కానీ ఆ గంటలో పిల్లల గొంతు ఎప్పుడెప్పుడు వినిపించిందో ఒకసారి మీరూ విని చూడండి. హాజరు పిలిచినప్పుడు, "ఆయ్ అండి" అన్నప్పుడు, మధ్యలో ఎవరో మైకు ఆపడం మర్చిపోతే వాళ్ళింట్లో కుక్కర్ కూత వినపడినప్పుడు, అంతే. లెక్క చేసిందంతా మీరే. మీరు చేస్తుంటే వాళ్ళు చూశారు, చివర్లో "5 నుంచి 10 దాకా ఇంటి దగ్గర చెయ్యండి" అన్నారు. చూడ్డానికీ, ఒంటరిగా చెయ్యడానికీ మధ్య ఉండాల్సిన ముక్క మీ క్లాసులో లేదు. ఊళ్ళో అరుగు మీద చెప్పినప్పుడు అది ఉండేది, మీరు ప్రత్యేకంగా పెట్టుకోకపోయినా ఉండేది: పిల్లాడు రాస్తుంటే భుజం మీంచి చూసేవారు, "ఆగాగు, ఆ రెండు ఎక్కడికి పోయింది?" అనేవారు, వాడు నాలిక్కరుచుకుని దిద్దుకునేవాడు. ఆన్‌లైన్లోకి మారినప్పుడు మీ గొంతు వచ్చింది, మీ బోర్డు వచ్చింది, ఆ చూపు మాత్రం రాలేదు. పిల్లలు వెనకబడింది అక్కడే తప్ప మీ వివరణ చాలక కాదు.

వీడియోలు వద్దనడానికి కారణం కూడా ఇదే. పాఠం చెప్పే వీడియోలకి ఇప్పుడు కరువేం లేదు. 2017లో వచ్చిన ప్రభుత్వ దీక్షా యాప్‌లో ఉన్నాయి, యూట్యూబ్‌లో కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. 2020లో బళ్ళు మూసేసినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో కూడా పాఠాలు వేశారు, బాగా చెప్పే టీచర్లే చెప్పారు. కానీ టీవీలో చెప్పే టీచరుకి మామిడికుదురులో కూర్చున్న పిల్లాడు ఏ లైను దగ్గర ఆగిపోయాడో కనపడదు కదా. అవన్నీ ఉచితంగా దొరుకుతుంటే ఆ తల్లిదండ్రులు మీకు నెలనెలా ఫీజు ఎందుకు కడుతున్నారో ఆలోచించండి. తమ పిల్లాణ్ణి ఎరిగిన మనిషి కావాలనే.

1983లో పియర్సన్, గాలగర్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు, చదివింది అర్థం చేసుకోవడం పిల్లలకి ఎలా నేర్పాలన్న విషయం మీద రాస్తూ ఒక క్రమం చెప్పారు. మొదట్లో పని భారమంతా టీచరు మీద ఉంటుంది, చివర్లో అంతా పిల్లల మీద ఉంటుంది, మధ్యలో చాలాసేపు ఇద్దరూ కలిసి మోస్తారు, ఆ మధ్యలోనే భారం కొంచెం కొంచెంగా చేతులు మారుతుంది. కాలవలో ఈత నేర్పేవాళ్ళు పొట్ట కింద చెయ్యి పెట్టి ఆడించి, పిల్లాడికి తెలియకుండా చెయ్యి తీసేస్తారు చూడండి, సరిగ్గా అలాగే. దగ్గరుండి చేయించడం అంటే ఇదే. ఆన్‌లైన్లో చాలామంది టీచర్లు మొదటిదీ చివరిదీ ఉంచుకుని మధ్యది వదిలేస్తున్నారు, ఎందుకంటే ఫోన్లో కష్టమైనది అదొక్కటే. కష్టమే కానీ కుదరనిదేం కాదు, ఎలాగో చెబుతాను.

మీ రికార్డింగులో ఉన్న లెక్కే తీసుకుందాం. దీర్ఘచతురస్రాకారంలో ఉన్న కొబ్బరి తోట, చుట్టుకొలత 140 మీటర్లు, పొడవు వెడల్పు కంటే 10 మీటర్లు ఎక్కువ, వైశాల్యం ఎంత? మీరు వెడల్పుని ఎక్స్ అనుకుని, సమీకరణం రాసి, వెడల్పు 30, పొడవు 40, వైశాల్యం 1200 చదరపు మీటర్లని చకచకా తేల్చేశారు. ఇప్పుడు అదే లెక్క పిల్లాడి చేత చేయిద్దాం.

"ముందు బొమ్మ గీయి. దేన్ని ఎక్స్ అనుకుంటావు?"

"వెడల్పునండి."

"మరి పొడవు?"

"10 ఎక్స్ అండి."

ఇక్కడే మన నోరు ఊరుకోదు, "కాదురా, ఎక్స్ ప్లస్ 10" అనేస్తాం. అలా అనేస్తే వాడు దాన్ని రాసుకుంటాడు, అంతే, రేపు మళ్ళీ 10 ఎక్స్ అనే అంటాడు. దాని బదులు "వెడల్పు 20 మీటర్లైతే పొడవెంత?" అని అడగండి. "30 అండి" అంటాడు, ఎందుకంటే అంకెలతో వాడికి బాగానే వచ్చు. "ఎలా వచ్చింది?" "20కి 10 కలిపానండి." "ఇప్పుడా 20 చెరిపేసి అక్కడ ఎక్స్ పెట్టు." కాసేపు చప్పుడుండదు, మీరూ మాట్లాడకండి. "ఎక్స్ ప్లస్ 10 అండి" అని వాడే అంటాడు. జవాబు మీరు చెప్పలేదు, వాడు తప్పు చేసిన చోటునుంచి వాడికి తెలిసిన చోటుకి తీసుకెళ్ళి మళ్ళీ వెనక్కి తెచ్చారు.

తరవాత చాలామంది చేసే రెండో పొరపాటు, చుట్టుకొలతలో పొడవునీ వెడల్పునీ ఒక్కోసారే కలిపేసి "ఎక్స్ ప్లస్ ఎక్స్ ప్లస్ 10 ఈజ్ ఈక్వల్ టు 140" అని రాసెయ్యడం. అప్పుడు వెడల్పు 65, పొడవు 75 వస్తాయి. ఆపకండి, పూర్తిగా చెయ్యనివ్వండి. చేశాక "ఇప్పుడు తోట చుట్టూ నాలుగు గట్ల మీదా ఒక చుట్టు తిరిగి రా, ఎంత దూరం నడిచావో చెప్పు" అనండి. 65, 75, మళ్ళీ 65, మళ్ళీ 75... "280 అండి." "లెక్కలో ఎంతిచ్చారు?" "140 అండి. రెండింతలొచ్చిందండి." ఆ "రెండింతలొచ్చింది" అన్న మాట వాడి నోట్లోంచి రావడానికి మీకు రెండు నిమిషాలు పట్టొచ్చు, మీ గంటలో అంతకన్నా విలువైన రెండు నిమిషాలు లేవు. చివర్లో ఇంకోటి అడగండి, "1200 చదరపు మీటర్లంటే ఎన్ని సెంట్లు?" అని. సెంటు సుమారు 40 చదరపు మీటర్లు కాబట్టి దాదాపు 30 సెంట్లని తేలుతుంది. మన పిల్లలకి చదరపు మీటరు కంటే సెంటు బాగా తెలుసు, 30 సెంట్ల తోటంటే ఎంత ఉంటుందో కళ్ళకి కడుతుంది. మొదట చేసిన 65, 75 ప్రకారమైతే 4875 చదరపు మీటర్లు, అంటే ఎకరం ఇరవై సెంట్లు దాటిపోతుంది. జవాబు అర్థవంతంగా ఉందో లేదో చూసుకునే అలవాటు ఇలాగే వస్తుంది.

సాయం చెయ్యడానికి ఒక వరస ఉంది. డగ్లస్ ఫిషర్, నాన్సీ ఫ్రే అనే ఇద్దరు అమెరికా విద్యావేత్తలు దీన్ని చక్కగా విడదీసి చెప్పారు. ముందు ప్రశ్న అడుగుతాం, పిల్లాడు ఎక్కడున్నాడో మనకి తెలియడానికి. కదలకపోతే వాడికి ఇదివరకే తెలిసినదాన్ని గుర్తు చేస్తాం, పైన 20 మీటర్లన్నది అదే. అప్పటికీ కదలకపోతే చోటు చూపిస్తాం, "మూడో లైను మళ్ళీ చదువు" అనో, "బొమ్మలో కింది గట్టు చూడు" అనో. ఇంకా కదలకపోతే మనమే చేసి చూపించి వెంటనే అలాంటిదే ఇంకోటి వాడి చేత చేయిస్తాం. ఈ నాలుగోది చెయ్యడానికి మొహమాటపడకండి. పిల్లాడే కనుక్కోవాలని పట్టుబట్టి పది నిమిషాలు అందరి ముందూ వాణ్ణి నిలబెట్టేయడం నాకు అస్సలు నచ్చదు, అది బోధన కాదు. చాలామందిమి చేసేది మాత్రం దీనికి తలకిందులు, మొదటి తప్పుకే నాలుగోది వాడేస్తాం.

ఇందాక "మీరూ మాట్లాడకండి" అన్నాను కదా, అది చిన్న విషయం కాదు. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు తరగతి గదుల్లో టీచర్ల మాటలు రికార్డు చేసి కొలిస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. దాన్ని మూడు సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మాట్లాడని పిల్లలు మాట్లాడారు. అది ఎదురుగా కూర్చున్న క్లాసులో. ఫోన్లో అయితే మీ మాట వాళ్ళకి చేరాలి, వాళ్ళు మ్యూట్ తియ్యాలి, పక్కన టీవీ సౌండు తగ్గించాలి, కాబట్టి పది సెకన్లైనా ఆగండి. మీ రికార్డింగులో "పొడవెంత అవుతుంది?" అని అడిగి ఊపిరి కూడా తీసుకోకుండా "ఎక్స్ ప్లస్ 10 అవుతుంది" అని మీరే అనేశారు. మౌనం మనకి టెన్షన్, నిజమే, నెట్ పోయిందేమో అనిపిస్తుంది. మనసులో పది లెక్కపెట్టుకోండి.

18 మందితో ఇదంతా ఎలా కుదురుతుందంటారా? ఒకేసారి కుదరదు, అందుకే గంటని విడగొట్టాలి. నా సలహా ఇది. సోమవారం, గురువారం అందరికీ కలిపి చెప్పండి, మిగతా నాలుగు రోజులు గంటని మూడు ఇరవై నిమిషాలుగా చెయ్యండి. పిల్లల్ని నాలుగు జట్లు చేస్తే జట్టుకి నలుగురో ఐదుగురో వస్తారు, ఒక్కో జట్టు వారానికి మూడుసార్లు మీ దగ్గరికొస్తుంది. మీకు ఒక్క నిమిషం కూడా అదనంగా పట్టదు. ఆ నాలుగు రోజులూ ఉచిత జూమ్‌లో 40 నిమిషాలకి కాల్ కట్ అయిపోతుందన్న బాధ కూడా ఉండదు. నలుగురైదుగురే కాబట్టి వాట్సాప్ వీడియో కాల్ అయినా చాలు, అది వాళ్ళ అమ్మమ్మలకి కూడా తెలిసిన పని. జట్లని మార్కుల ప్రకారం మాత్రం కట్టకండి, "బాగా చదివే జట్టు, చదవని జట్టు" అని పిల్లలు రెండో రోజే కనిపెట్టేస్తారు. ఒకే రకం పొరపాటు చేస్తున్నవాళ్ళని ఒక జట్టులో పెట్టండి, 10 ఎక్స్ అన్నవాళ్ళంతా ఒక చోట, చుట్టుకొలతలో రెండు మర్చిపోయినవాళ్ళంతా ఇంకో చోట, వారంవారం మార్చండి.

ఇప్పుడు కెమెరా సంగతి. పిల్లలు కెమెరా ఎందుకు ఆన్ చెయ్యరో మీకు తెలియనిది కాదు. వెనకాల ఇల్లు కనపడుతుంది, నాన్న రొయ్యల చెరువు మీంచి వచ్చి బనీనుతో కూర్చుని ఉంటాడు, తమ్ముడు ఏడుస్తుంటాడు, పద్నాలుగేళ్ళ పిల్లకి అది తోటివాళ్ళు చూస్తే ప్రాణం పోయినంత పని. కెమెరా ఆన్ చెయ్యమని బతిమాలొద్దు, బెదిరించొద్దు. మనకి కావాల్సింది ముఖం కాదు, నోట్సు. ఒక స్టీలు డబ్బా మీద ఫోను వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కెమెరా ఉన్న కొస డబ్బా అంచు దాటి బయటికి వచ్చేలా జరిపి, రెండో కొస మీద జామెట్రీ బాక్సు బరువు పెడితే, కింద నోట్సు పేజీ మొత్తం మీకు కనపడుతుంది. వీడియోలో ఇల్లుండదు, మనుషులుండరు, ఒక చెయ్యి, ఒక పెన్ను, ఒక కాగితం. ఆ చెయ్యి ఎక్కడ ఆగిందో చూస్తే చాలు, మీ అరుగు మీది చూపు మళ్ళీ వచ్చేసినట్టే. సిగ్నల్ సరిగా లేని ఇళ్ళకి వీడియో కూడా వద్దు, మాటలు మాత్రం కాల్లో నడిపి రెండు లైన్లు రాయగానే ఫొటో తీసి పెట్టమనండి. పూర్తయ్యాక కాదు, రెండు లైన్లకే. పూర్తయిన లెక్క ఫొటోలో తప్పు కనపడుతుంది గానీ, ఆ తప్పు పుట్టిన క్షణం కనపడదు.

అందరూ ఉన్న రోజుల్లో ఒక పద్ధతి బాగా పనిచేస్తుంది. ప్రశ్న అడిగి, జవాబు వాట్సాప్‌లో మీకు విడిగా టైపు చేసి ఉంచుకోమనండి, మీరు "పంపండి" అన్నాకే పంపాలి. అప్పుడు ముందు వచ్చిన జవాబు చూసి మిగతావాళ్ళు కొట్టెయ్యడం ఉండదు, 18 మందీ ఏమనుకుంటున్నారో మీకు ఒక్క నిమిషంలో తెలుస్తుంది. తప్పు జవాబుల్లో ఒకటి ఎంచుకుని, పేరు చెప్పకుండా, "ఇలా అనుకోవడానికి కారణం ఏమై ఉంటుంది?" అని అందర్నీ అడగండి. "అర్థమైందా" అన్న ప్రశ్న మాత్రం ఈ రోజుతో మానెయ్యండి. ఆ ప్రశ్నకి మన ప్రాంతంలో పిల్లలు ఇచ్చే జవాబు మర్యాదే గానీ సమాచారం కాదు.

జట్టు రోజుల్లో మీ దగ్గర లేని పిల్లలు ఆ సమయంలో ఏం చెయ్యాలన్నది తరవాతి సమస్య. వాళ్ళకి సగం చేసిన లెక్కలివ్వండి. ఆస్ట్రేలియాలో స్వెల్లర్, కూపర్ అనే ఇద్దరు 1985లో బీజగణితం నేర్చుకునే పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో, ఊరికే లెక్కల మీద లెక్కలు చేసినవాళ్ళకంటే, చేసి ఉన్న లెక్కని శ్రద్ధగా చూసి వెంటనే అలాంటిది ఒకటి చేసినవాళ్ళు తరవాత అలాంటి లెక్కల్ని తక్కువ సమయంలో, తక్కువ తప్పులతో చేశారు. కొత్తగా నేర్చుకునేవాడి బుర్ర, దారి వెతుక్కోవడంలోనే అలిసిపోతే నేర్చుకోవడానికి చోటుండదని వాళ్ళ వాదన. కాబట్టి ఒక నాలుగు లెక్కల వరస తయారుచెయ్యండి. మొదటిది పూర్తిగా చేసి ఉండాలి, రెండోదాంట్లో చివరి రెండు లైన్లు ఖాళీ, మూడోదాంట్లో మొదటి లైను మాత్రమే ఉండాలి, నాలుగోది ప్రశ్న ఒక్కటే. మీరు వీడియో చెయ్యడానికి పెట్టే సమయంలో ఇలాంటి వరసలు మూడు తయారవుతాయి.

అయితే జాగ్రత్త, ఇదే సాయం వచ్చినవాళ్ళకి అడ్డం. స్వెల్లర్, ఆయనతో పనిచేసినవాళ్ళు 2003లో ఈ సంగతి కూడా రాశారు, బాగా వచ్చిన విద్యార్థికి ప్రతి మెట్టూ విడమరిచి చెబితే మేలు జరగదు సరికదా నష్టం జరుగుతుందని. మీ రికార్డింగులో హాజరప్పుడు తప్ప వినపడని గొంతుల్లో ఇద్దరు ముగ్గురైనా రానివాళ్ళు కాదు, విసుగు పుట్టినవాళ్ళు అయి ఉంటారు. వాళ్ళని జట్టులోంచి తప్పించి నాలుగో రకం లెక్కలు నేరుగా ఇచ్చెయ్యండి, చుట్టుకొలత మారకుండా తోట వైశాల్యం అన్నింటికంటే ఎక్కువ కావాలంటే కొలతలు ఎలా ఉండాలో కనుక్కోమనండి. 35 చొప్పున చతురస్రం చేస్తే 1225 వస్తుందని వాళ్ళే కిందామీదా పడి తెలుసుకుంటారు.

మీరు రాయని విషయం ఒకటి రికార్డింగులో వినపడింది. లెక్కని మీరు ఇంగ్లీషులో చదివారు, "లెంగ్త్ ఎక్సీడ్స్ ది బ్రెడ్త్ బై టెన్ మీటర్స్" అని, వెంటనే ఎక్స్‌లోకి వెళ్ళిపోయారు. "ఎక్సీడ్స్ బై" దగ్గరే కొంతమంది రాలిపోయారని నా అనుమానం, వాళ్ళకి రానిది లెక్క కాదు, ఆ వాక్యం. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు కొన్నేళ్ళుగా రెండు భాషల్లో పక్కపక్కనే వస్తున్నాయి, ఆ సదుపాయం వాడుకోండి. ప్రతి లెక్కకీ మొదటి పని ఏమిటంటే, ఒక పిల్ల దాన్ని తన మాటల్లో, తన తెలుగులో చెప్పాలి, మామ్మకి చెప్పినట్టు చెప్పాలి. చెప్పగలిగితే ఎక్స్ అదే వస్తుంది. పరీక్ష ఇంగ్లీషులో రాస్తారు కదా అంటే, రాయనివ్వండి, ఆలోచన తెలుగులో జరిగితే నష్టమేం లేదు.

ఏఐలో కొట్టి దించేయడం గురించి ఎక్కువ బెంగ పెట్టుకోకండి. ఒకప్పుడు గైడు చూసి దించేవాళ్ళు, ఇప్పుడు ఫోను చూసి దించుతున్నారు. జవాబు పంపమంటే జవాబే పంపుతారు. అందుకని హోంవర్కు రెండే లెక్కలివ్వండి, జవాబుతో పాటు ముప్ఫై సెకన్ల వాయిస్ మెసేజ్ అడగండి, "రెండో లైనునుంచి మూడో లైనుకి ఎలా వెళ్ళావు?" అని. దించినవాడు అక్కడ తడబడతాడు, తిట్టకండి, రేపటి జట్టులో వాడి వంతు మొదట పెట్టండి. ఇంకో రకం హోంవర్కు, మీరే తప్పుగా చేసిన లెక్క ఒకటి పంపి తప్పు ఎక్కడుందో, అలా ఎందుకు చేసి ఉంటారో చెప్పమనడం. పిల్లలకి ఇది భలే ఇష్టం, టీచరు తప్పు పట్టే అవకాశం కదా.

నోరు విప్పని అమ్మాయి గురించి. ఆ అమ్మాయికి లెక్కలు రావని ఇప్పుడే నిర్ణయించకండి. కోనసీమలో ఎన్ని ఇళ్ళలో అమ్మలు కువైట్‌లోనో మస్కట్‌లోనో పనిచేస్తూ పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అమ్మ ఫోను వచ్చే ఫోను, ఆవిడ పనిచేసే ఇంట్లో తీరిక దొరికినప్పుడు చేస్తుంది, అది మీ క్లాసు సమయమే కావచ్చు. నలుగురు మగవాళ్ళు కూర్చునే వసారాలోనే సిగ్నల్ అందుతుందేమో. ముందు విడిగా ఫోన్ చేసి, లెక్కల ఊసెత్తకుండా, ఏ సమయం వీలు, ఫోన్ ఎవరిది, ఎక్కడ కూర్చుంటావు అన్నవి కనుక్కోండి. జట్టులో ఆమెని మాట్లాడమని అడగకండి, నోట్సు కనపడేలా పెడితే చాలనండి. మీరు ఆమె పేజీ చూసి "నీ రెండో లైను సరిగ్గా ఉంది, అలాగే ముందుకెళ్ళు" అని పేరుపెట్టి చెప్పండి. కొంతమంది పిల్లలు మాట్లాడే ముందు తమ పని ఎవరో చూశారని తెలుసుకోవాలి.

తల్లిదండ్రుల నుంచి మీకో మాట వస్తుంది, సిద్ధంగా ఉండండి. "టీచరుగారు పాఠం చెప్పడం మానేశారండి, పిల్లల్నే అడుగుతున్నారు, ఇరవై నిమిషాలకే ఫోన్ పెట్టేస్తున్నారు" అంటారు. వాళ్ళ దృష్టిలో గంటసేపు టీచరు గొంతు వినపడితేనే ఫీజుకి న్యాయం. మొదలుపెట్టే ముందే అందరికీ ఒక వాయిస్ మెసేజ్ పంపండి: ఇకనుంచి మీ పిల్ల రాస్తుండగా చూస్తాను, అందుకే చిన్న జట్లు చేశాను, నెలాఖరుకి తన చేత్తో చేసిన లెక్కలు మీకు చూపిస్తాను అని. చదువు రాని అమ్మమ్మలైనా సరే ఒక పని అప్పగించండి. రాత్రి అన్నం తినేటప్పుడు "ఇవాళ ఏ లెక్క చేశావో నాకు చెప్పు" అని అడగడం, అర్థం కాకపోయినా వినడం. చెప్పేటప్పుడు పిల్లకే తెలుస్తుంది తనకి ఎక్కడ రాలేదో. భీమవరం నుంచి పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటితే రాజోలు పెద్ద దూరం కాదు కాబట్టి, వీలైనంతలో నెలకోసారి వెళ్ళి అరుగు మీద కూర్చోబెట్టి చూసి రండి. ఆ రోజు కొత్త పాఠం వద్దు, ఫోన్లో చేసిన లెక్కలే నోట్సు మూసి మళ్ళీ చేయించండి.

చివరగా వరదల సంగతి, మీ పిల్లల్లో గోదావరి పాయల మధ్య లంక ఊళ్ళవాళ్ళు ఉంటే ఇది తప్పదు. 2022 జులైలో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో కరెంటూ లేదు, దారీ లేదు. అంత పెద్ద వరద ప్రతి ఏడూ రాదు, కానీ కరెంటు పోవడానికి అంత అక్కర్లేదు. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే 10 లక్షల క్యూసెక్కులు, వార్తల్లో విన్న రోజే నాలుగు లెక్కల వరసలు రెండు ఫొటోలుగా పంపి, ఫోన్లో ఛార్జింగ్ ఉండగానే నోట్సులోకి ఎక్కించుకోమనండి. ప్రతి లెక్క పక్కనా కొంచెం ఖాళీ వదిలి, ఎక్కడ ఆగిపోతే అక్కడ గీత కొట్టి "ఇక్కడ ఆగాను" అని రాసి తరవాతి లెక్కకి వెళ్ళమనండి. నీళ్ళు తీసి నెట్ వచ్చాక వెనకబడ్డామన్న తొందరలో కొత్త పాఠం ఎత్తుకోకండి, ముందు ఆ గీతలు కొట్టిన పేజీలు తెప్పించుకుని చూసి, వాటిని బట్టి ఆ వారం జట్లు కట్టండి.